గుమ్మంలో ముగ్గు, గోడ మీద బొమ్మ

నలభై రెండేళ్ళుగా నేను వీధిలో బొమ్మలు వేస్తున్నానుట. ఈ సంగతి ఇన్నాళ్ళూ నాకే తెలియదు సుమండీ! మొన్న కార్తీకమాసంలో మా అమ్మాయి హైదరాబాదు నుంచి ఫోనులో చెప్పింది. "దాన్ని వీధి చిత్రకళ అంటారే అమ్మా. దేశదేశాల్లో దానికి పెద్ద పేరుంది. రోజూ పొద్దున్నే నువ్వు చేసే పని మరేమిటనుకున్నావ్?" అంది.

నేను చేసే పని ముగ్గు పెట్టడం. కాపరానికొచ్చిన మర్నాడు మా అత్తగారు ముగ్గుడొక్కు నా చేతికిచ్చి, "ఏడు చుక్కలు, సందుచుక్క, నాలుగు వచ్చేదాకా" అన్నారు. అంతే. ఆ రోజు మొదలు ఇవాళ్టి వరకూ మామూలు రోజుల్లో నా గుమ్మం ముందు ఉండేది ఆ ముగ్గే. ధనుర్మాసంలో పెద్దవి పెడతాననుకోండి. అది వేరు. పొద్దున్న ఆరింటికి పూర్తవుతుంది. ఏడింటికి పాలవాడి సైకిలు దాని మీదనుంచి పోతుంది. ఎనిమిదింటికి బడిపిల్లలు. పదింటికి అక్కడ ముగ్గుండేదని నేను చెబితే తప్ప మీకు తెలియదు. ఇందుకు నేనేనాడూ విచారించలేదు. ముగ్గన్నాక తొక్కుతారు. గాజు పలక కింద పెట్టుకుందుకు అది పటం కాదు కదా!

అసలు కథ నా ముగ్గుది కాదు. మా గోడది.

నాగావళికి కూతవేటు దూరంలో, శ్రీకాకుళం పాతవీధుల్లో ఒకదాంట్లో మా ఇల్లు. వీధివైపు ప్రహరీగోడ పొడుగ్గా, ఖాళీగా ఉంటుంది. ఖాళీగోడ కనిపిస్తే మనవాళ్ళు ఊరుకోరని మీకు తెలియందేముంది? అందుకని మావారు దాని మీద "ప్రకటనలు అంటించరాదు" అని తమ స్వహస్తాలతో రాశారు. ముప్ఫయ్యారేళ్ళు బడిపంతులుగా పనిచేసిన దస్తూరీ కాబట్టి అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. ఆ ముత్యాలకి అటూ ఇటూ ట్యూషన్ల ప్రకటనలూ, అద్దెగదుల ప్రకటనలూ యథావిధిగా అంటించి ఉంటాయి.

కార్తీక పౌర్ణమి వెళ్ళిన నాలుగో రోజో అయిదో రోజో, పొద్దున్నే ముగ్గుడొక్కు పట్టుకుని వీధిలోకి వచ్చేసరికి ఆ గోడ మీద ఒక బొమ్మ ఉంది. బొగ్గుతో వేశారు. ఒక ఆడమనిషి, నడుమున బిందెతో, మనకి వీపు చూపించి నడిచి వెళ్ళిపోతోంది. చీర అంచుకి మాత్రం ఇటుకముక్కతో ఎర్రగీత. మొహం లేదు. జారుముడి, కాస్త వంగిన భుజం, ఎత్తిన కుడిపాదం, అంతే. అడుగున కాలవగట్టు గడ్డి దగ్గర బొగ్గుమరకలు కొన్ని ఉన్నాయి.

చెప్పొద్దూ, నాకు మొదట కోపమే వచ్చింది. దసరాకి ముందే వెల్ల వేయించిన గోడ! కాని కోప్పడుతూనే అక్కడ నిలబడి ఎంతసేపు చూశానో తెలుసాండీ? స్టవ్వు మీద పెట్టొచ్చిన పాలు పొంగిపోయేంత సేపు. మా శ్రీకాకుళంలోనే పుట్టిన వడ్డాది పాపయ్యగారి బొమ్మలు చందమామ అట్టల మీద చూస్తూ పెరిగినదాన్ని. గీత బాగుందో లేదో అంతో ఇంతో తెలుసును. ఈ గీత వేసినవాడికి చదువు లేకపోవచ్చు గాని, ఆ మనిషిని మాత్రం బాగా ఎరిగినవాడే.

మావారికి ఆ ధ్యాస లేదు. "వెల్లవేసే వాణ్ణి పిలిపిస్తాను" అన్నారు. ఈ సందు చివర వరసగదుల్లో అద్దెకుండే మనిషి ఒకడు మాకు ఏటా వెల్ల వేస్తాడు. అతను వచ్చాడు. బొమ్మవేపు చూశాడు. "రేపొత్తాను మేస్టారూ" అని వెళ్ళిపోయాడు. ఆ రేపు పది రోజులు రాలేదు.

ఈ పది రోజుల్లోనూ మా వీధి వీధంతా ఆ బొమ్మకి అర్థాలు చెప్పింది. ఎదురింటి పిన్నిగారు, "ఎవడో కాలేజీ కుర్రాడి ప్రేమ వ్యవహారం, ఆ పిల్ల కాదని వెళ్ళిపోతోంది" అని తేల్చేశారు. బ్యాంకులో రిటైరయిన పక్కింటాయన, "ఈ బొమ్మ మీద రేపు ఏ నీటిపంపుల కంపెనీ పేరో రాస్తారు, చూస్తూండండి" అన్నారు. మూలింటి కోడలుపిల్ల మాత్రం ఏమీ అనలేదు. ఆ పిల్ల మొగుడు గల్ఫులో పనిచేస్తున్నాడు, వచ్చి రెండేళ్ళయింది. నాలుగో రోజు సాయంత్రం నా దగ్గరగా వచ్చి మెల్లిగా అడిగింది: "మనిషి ఊరికి వెళ్తోందాండీ, ఊరినించి వస్తోందా?" నాకు జవాబు తోచలేదు. ఎవరి దిగులు వారికి ఆ వీపు మీద కనిపిస్తోంది కాబోలు అనుకున్నాను.

ఆ రోజే బొమ్మని ఫొటో తీసి మా అమ్మాయికి పంపాను. అప్పుడే అది నన్ను చిత్రకారిణిని చేసి కూచోబెట్టింది. అది చెప్పిన సంగతులు మీకూ చెబుతాను.

హైదరాబాదులో హుసేన్‌సాగరం పక్కన మక్తా అనే బస్తీ ఉంది. 2016లో దేశవిదేశాల చిత్రకారులు వచ్చి ఆ ఇరుకు సందుల్లో ఇళ్ళగోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేశారుట. స్వాతి, విజయ్ అని ఒక దంపతులున్నారు. ఇద్దరూ కలిసి నగరం గోడల మీద తెలంగాణ పల్లెటూరి మనుషుల మొహాలు వేస్తారుట. ఇది విని, "మొగుడూ పెళ్ళామూ కలిసి ఒక గోడకి రంగు వెయ్యడమే! మీ నాన్నగారు నా పక్కన నిలబడి ముగ్గుడొక్కయినా పట్టుకోలేదే ఎప్పుడూ" అన్నాను. మావారు పేపరు అడ్డం పెట్టుకున్నారు.

పారిస్ నగరంలో 2000లో ఒక గోడ కట్టారుట. నల్లటి నీలం పెంకులు 612. వాటి మీద "నిన్ను ప్రేమిస్తున్నాను" అన్న ఒక్క మాటనే సుమారు 250 భాషల్లో 311 సార్లు రాశారు. దాని మీద అక్కడక్కడ ఎర్రటి మరకలుంటాయి. అవేమిటో తెలుసాండీ? పగిలిన గుండె ముక్కలుట! ప్రేమిస్తున్నానని అన్ని భాషల్లో చెప్పినవాళ్ళు, ఈ మాట చెబితే పగిలే అవకాశం కూడా ఉందని ఆ పక్కనే ఒప్పుకున్నారన్నమాట. నాకది నచ్చింది.

ఇంకొకటి లండనుది. బాంక్సీ అని పేరు మాత్రమే తెలిసిన చిత్రకారుడు ఒకడు 2002లో అక్కడ వంతెన దగ్గర మెట్లగోడ మీద ఒక చిన్నపిల్ల బొమ్మ వేశాడు. ఆ పిల్ల చెయ్యి చాపి ఉంది. చేతికి అందకుండా ఎర్రటి గుండె ఆకారం బెలూను ఎగిరిపోతోంది. ఆ గోడ మీది బొమ్మ ఇప్పుడు లేదు. తరవాత అదే బొమ్మని కాన్వాసు మీద వేసి చట్రం కట్టినది 2018 అక్టోబరు 5న వేలానికి వచ్చింది. 10 లక్షల పౌన్లకు పైగా ధరకి అమ్ముడై సుత్తి పడగానే, చట్రంలో దాచిన కత్తెరయంత్రం తిరిగి, అందరూ చూస్తూండగానే బొమ్మ సగం దాకా పీలికలైపోయింది! వేసినవాడే ఆ ఏర్పాటు చేశాడుట. మనలోకం వింత చూడండి. ఆ చిరిగిన బొమ్మనే 2021లో మళ్ళీ అమ్మితే కోటీ 85 లక్షల పౌన్లకు పైగా వచ్చింది.

"వెర్రి కాకపోతే తన బొమ్మ తనే చింపుకుంటాడా!" అన్నారు మావారు.

నాకు మాత్రం వెర్రి అనిపించలేదు. వీధి గోడ మీద బొమ్మ వేసినవాడికి ఎండా, వానా, మునిసిపాలిటీ వాళ్ళ సున్నం బ్రష్షూ తెలిసినవే. ఎవరేనా తుడిచేస్తారని తెలిసే వేస్తాడు. ముగ్గూ అంతే. కాపలా పెట్టుకుని వేసే బొమ్మ కాదది. మనసులో ఉన్నది బయట పెట్టి, దారినపోయేవాళ్ళ కాళ్ళకి వదిలెయ్యడమే. ప్రేమలో కూడా జరిగేది అదే కాదుటండీ? దాచుకున్నంతకాలం భద్రమే. నలుగురిలో పెట్టిన నిమిషం నుంచీ ఎవరైనా తొక్కవచ్చు.

ఆ మాటే పైకి అన్నాను. మావారు కాసేపు ఊరుకుని, పేపరు మడిచి, ఒక సంగతి చెప్పారు. మా పెళ్ళయిన కొత్తలో ఆయన మూడేళ్ళు సీతంపేట ఏజెన్సీలో పనిచేశారు. 2022లో జిల్లాలు విడగొట్టాక అది పార్వతీపురం మన్యంలోకి పోయింది గాని, అప్పుడు మన జిల్లాయే. అక్కడ ఒక సవరవారి ఇంటికి పిలిస్తే వెళ్ళారుట. ఇంటిలోపల ఎర్రమట్టి పూసిన గోడ. దాని మీద తడిపిన బియ్యప్పిండితో తెల్లటి బొమ్మలు. ఒక చదరంలాంటి ఇల్లు గీసి, అందులో చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఆడే మనుషులు, చెట్లు, నెమళ్ళు, సూర్యుడు, చంద్రుడు.

"పండక్కి వేశారా?" అని అడిగారుట ఈయన.

"కాదు బాబూ, మా తాత పోయాడు, ఆడికి" అన్నాడుట ఆ ఇంటాయన.

పోయినవాళ్ళకి ఇంట్లో ఒక చోటు ఉండాలి. అందుకని గోడ మీద వాళ్ళకో ఇల్లు గీసి ఇస్తారు. జబ్బులు తగ్గాలనీ, పంటలు బాగుండాలనీ కూడా వేస్తారుట. వెరియర్ ఎల్విన్ దొరగారు సవరల మతాన్ని గురించి 1955లో అచ్చు వేసిన పెద్ద పుస్తకంలో ఈ గోడబొమ్మల సంగతి వివరంగా ఉంది. ఇక్కడ మావారికి గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తుకు రాక తప్పదు. ఆ మహానుభావుడు సవర నేర్చుకుని, ఆ భాషకి రాసిన వ్యాకరణం 1931లో అచ్చయింది. "పంతులుగారు వాళ్ళ మాటకి వ్యాకరణం రాశారు. వాళ్ళ దుఃఖానికి వ్యాకరణం మాత్రం ఆ గోడ మీదే ఉంది" అన్నారు మావారు. రిటైరయి పదేళ్ళయినా పంతులు పంతులే! కాని ఆ సాయంత్రం ఆయన వెల్లవేసే మనిషికి మళ్ళీ కబురు పెట్టలేదు. అది గమనించాను.

ఆ మరుసటి వారం మా అత్తగారి ఆబ్దికం వచ్చింది. మీ ఇళ్ళలోనూ తెలిసిందే. ఆ రోజు కార్యం అయ్యేదాకా గుమ్మంలో ముగ్గు పెట్టం. నీళ్ళు చల్లి వదిలేస్తాం. వీధిలో పోయే పెద్దవాళ్ళు ఆ ఉత్త గుమ్మం చూసి, ఇవాళ ఈ ఇంట్లో పెద్దల రోజు అనుకుని, గొంతు తగ్గించుకుని మరీ వెళ్తారు. ముగ్గు ఎంత చెబుతుందో, ముగ్గు లేకపోవడం అంతకంటె ఎక్కువ చెబుతుంది.

నీళ్ళు చల్లి లోపలికి రాబోతూంటే, వెనకనుంచి "మామ్మగారూ" అని వినబడింది. పధ్నాలుగేళ్ళ కుర్రాడు, బడిసంచీతో నిలబడి ఉన్నాడు. వెల్లవేసే మనిషి కొడుకు.

"ఏటి మామ్మగారూ, ఇయాల ముగ్గెయ్యనేదేటి? ఒంట్లో బాగోనేదా?"

నా ముగ్గు లేదని అడిగినవాడు ఇన్నేళ్ళలో వీడొక్కడే. సంగతి చెప్పాను. "ఇవాళ మా అత్తగారి తద్దినంరా నాన్నా. గుమ్మం చూస్తే వీధికి తెలియాలి కదా, అందుకని ముగ్గు పెట్టం."

వాడు గుమ్మం వైపు చూశాడు. ఆపైన గోడ వైపు చూశాడు.

"మాకు గుమ్మం నేదు కదండీ" అన్నాడు.

"అదేమిట్రా?"

"మాయమ్మ దసరా ముందు సచ్చిపోనాది. ఇంటాయన గదికి తేవొద్దన్నాడు. ఆస్పత్రి నుంచి అలాగే ఊరట్టుకెల్లిపోనాం. ఈదిలో ఎవులికీ తెల్దు."

నాకు నోట మాట రాలేదు. వాళ్ళ గది మా గుమ్మానికి అరవై అడుగులుంటుందేమో. ఒక మనిషి పోయి నెలన్నర దాటింది. నాకు తెలియదు! వాళ్ళది ఉద్దానం. లండనులో ఆ బొమ్మ చిరిగిన ఆరు రోజులకి, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున, తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది గుర్తుందాండీ? వీళ్ళ కొబ్బరిచెట్లూ, జీడిచెట్లూ ఆ పూటే నేలకూలాయి. కొబ్బరిమొక్క మళ్ళీ పెరిగి కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది. అన్నాళ్ళు ఏం తింటారు? బ్రష్షు పట్టుకుని పట్నం వచ్చారు. ఆ తల్లికి ఉద్దానంలో ఎందరికో ఉన్న మూత్రపిండాల జబ్బే.

"మీయమ్మ…" అని ఆగిపోయాను. అప్పటికి నాకు గుర్తొచ్చింది. రోజూ పొద్దున్నే బిందె పట్టుకుని కుళాయికి వెళ్ళే మనిషి. ఎప్పుడూ మాట్లాడింది లేదు. కాని వీధిలో అందరూ నా ముగ్గు మీంచి నడిచిపోతే, ఆవిడొక్కతె పక్కనుంచి తప్పుకుని, పాదం ఎత్తి ఎత్తి వేసుకుంటూ వెళ్ళేది. పేరు కూడా అడగలేదు నేను.

"మాయమ్మకి మీ ముగ్గంటే ఇష్టమండీ. ఇయాల సుక్కలు తిన్నగా ఉన్నాయి, ఇయాల మామ్మగారికి సెయ్యి నొప్పి కావాల, ఓ గీత వంకరగుంది అని ఇంటికొచ్చి సెప్పేది."

గోడ దగ్గరికి వెళ్ళి చూశాను. ఇన్నాళ్ళూ బొగ్గుమరకలనుకున్నవాటిని గడ్డి పక్కకి తీసి లెక్కపెట్టాను. నడిమి వరసలో ఏడు. దానికి పైనా కిందా ఆరు, అయిదు, నాలుగు. నలభై రెండేళ్ళు నేను రోజూ పెట్టిన చుక్కలవి! దూరాన్నుంచి చూసినట్టు ఏటవాలుగా వేశాడు. వాటికి పక్కగా, తొక్కకుండా, ఎత్తిన కుడిపాదంతో వాళ్ళమ్మ వెళ్ళిపోతోంది. వీధిలో ఎవరికి తెలియకపోయినా నాకు తెలియవలసిన బొమ్మ. పక్కింటాయన నీటిపంపుల ప్రకటన అన్నాడని నవ్వుకున్నాను గాని, నేను మాత్రం చూసిందేమిటి?

"మీ గోడ పాడుసేసాను. నాన్న తిట్టాడు. సున్నం కొట్టడానికి సెయ్యి రాట్నేదని ఆడే రావటం నేదు" అన్నాడు వాడు.

ఆ రోజు కార్యం అయ్యాక మావారికి చెప్పాను. ఆయన చొక్కా తొడుక్కుని సందు చివరికి వెళ్ళారు. ఏం మాట్లాడారో నాకు చెప్పలేదు. గంట పోయాక వచ్చి, "దాని జోలికి ఎవరూ వెళ్ళకండి" అని మాత్రం అన్నారు. ఎదురింటి పిన్నిగారు విషయం విని కళ్ళు తుడుచుకుని, సాయంత్రం ఇంత పప్పూ కూరా గిన్నెలో పెట్టుకుని ఆ గదికి వెళ్ళారు. మూలింటి కోడలుపిల్ల ఇప్పుడు ఆ కుర్రాడికి లెక్కలు చెబుతోంది. ఆవిడ పేరు అడిగి తెలుసుకున్నాను. ఇక్కడ రాయను. మా వీధికి తెలిసింది, అంతే చాలు.

మార్గశిరంలో ముసురు పట్టి మూడు రోజులు వాన వదలలేదు. బొగ్గు బొగ్గే కదా! మొదట చుక్కలు పోయాయి, తరవాత బిందె పోయింది. నాకు గుండె కొట్టుకులాడి, ఆ కుర్రాణ్ణి పిలిచి, "రంగులు కొనిపెడతాను, మళ్ళీ వేస్తావట్రా?" అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, "వొద్దు మామ్మగారూ. అందరికీ తెలిసిపోనాది కదా" అన్నాడు. వాన వెలిశాక వాళ్ళ నాన్న పిలవకుండానే వచ్చి గోడకి వెల్ల వేశాడు. డబ్బు పుచ్చుకోలేదు. మావారు "ప్రకటనలు అంటించరాదు" అన్నది మళ్ళీ రాయలేదు.

సంక్రాంతి వచ్చింది. కనుమ మర్నాడు మా వీధిలో రథం ముగ్గులు వేస్తాం. ప్రతి గుమ్మంలో ఒక రథం, ఒక ఇంటి రథం తాడు పక్కింటి రథానికి, దాని తాడు ఆ పై ఇంటికి. అలా వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకటే తాడు. ఎప్పుడూ అది మూలింటితో ఆగిపోయేది. వరసగదులకి గుమ్మాలు లేవు గనక అక్కడ రథాలు లేవు.

ఈసారి మూలింటి దగ్గర ఆపలేదు. మావారు ముగ్గుడొక్కు పట్టుకుని వెనకాలే నడిచారు. అవునండీ, నలభై రెండేళ్ళకి! నడుం వంచి గీసుకుంటూ ఆ గదుల దాకా వెళ్ళాను. వాళ్ళకి ఈ ఏడు పండగ లేదు కనక రథం వెయ్యలేదు. గది మెట్టుకి జానెడు ఇవతల తాడు కొస అలాగే వదిలేసి వచ్చాను. వచ్చే ఏడు వాళ్ళు కలుపుకుంటారు.